నవ్వే తలకాయ

మైకు తీగ పీకేసిన చేతికి తెల్ల గ్లౌజు ఉంది. ఆ మనిషి ముఖం నాకు గుర్తులేదు కానీ ఆ గ్లౌజు మాత్రం ఇప్పటికీ కళ్ళ ముందే ఉంది.

ఆ రోజు వార్డు ఆఫీసు హాల్లో ప్రజాభిప్రాయ సేకరణ. సియోల్ నగరం కింద, పాత మెట్రోకి కూడా అడుగున, పాతాళమంత లోతులో కొత్త రైలు లైను వేస్తారట. దాని గురించి ప్రజలు ఏమనుకుంటున్నారో వింటారట. మేం దోల్సెమ్ బజారు వాళ్ళం కొట్లు మూసి, ఏప్రాన్లు కూడా విప్పకుండా పరిగెత్తాం. మేం వెళ్ళేసరికి కుర్చీలన్నీ నిండిపోయి ఉన్నాయి. అందరూ ఒకే రంగు నీలం చొక్కాలు వేసుకున్నవాళ్ళే. కంపెనీ బస్సుల్లో తెచ్చి దింపారు. ఒక్కొక్కరి ఒళ్ళో ఒక భోజనం డబ్బా. ఆ డబ్బా ఎప్పుడు విప్పమంటారా అని చూడడం తప్ప స్టేజీ మీద మాట్లాడేదెవరో వాళ్ళలో ఒక్కరికీ పట్టలేదు. మేం గోడ పొడుగునా నిలబడ్డాం.

తెర మీద ఒక బొమ్మ వేశారు. రైలు వచ్చాక మా వీధి ఎలా ఉంటుందో చూపించే బొమ్మ. మా బజారు ఉన్నచోట పచ్చిక, నీళ్ళు చిమ్మే ఫౌంటెను, పచ్చిక మీద ఒక తెల్ల కుక్కపిల్ల. ఆ పచ్చిక కింద సొరంగంలోని గాలిని బయటికి తోసే పెద్ద బావి వస్తుంది. కుక్కపిల్లకు చోటు దొరికింది, మాకు దొరకలేదు.

అప్పుడు మల్సూన్ పెద్దమ్మ ముందుకు నడిచి మైకు అందుకుంది. మా బజారు మొదట్లో పంది తలలు ఉడికించి అమ్మే మనిషి ఆమె. ఇల్లు కట్టినా, కొట్టు తెరిచినా, గొయ్యి తవ్వినా మా దగ్గర భూమి పూజలో పంది తల పెట్టి మొక్కుతారు. ఆ తలలు ఆమె దగ్గరే కొంటారు. నడుము వంగిపోయింది గాని గొంతు వంగలేదు.

"నాయనా, ఒక్క మాట చెప్పండి. మొదట ఈ బావి ఆ గోల్ఫ్ మైదానం కింద తవ్వుతామన్నారు గదా. అక్కణ్ణుంచి లేచి మా నెత్తి మీదికి ఎలా నడిచొచ్చింది?"

 తెల్ల గ్లౌజు చెయ్యి వచ్చి తీగ పీకేసింది. పెద్దమ్మ నోరు ఇంకా కదులుతూనే ఉంది. స్టేజీ మీదున్న కంపెనీ డైరెక్టర్ ప్యో తన మైకులో చల్లగా నవ్వాడు. "అమ్మగారూ, ఈ రైలు మీలాంటి పెద్దల కోసమే" అన్నాడు. ఎవరో చెయ్యి ఎత్తి సైగ చేశారు. నీలం చొక్కాలన్నీ చప్పట్లు కొట్టాయి. ఆ తర్వాత డబ్బాల మూతలు విప్పిన చప్పుడు. హాలంతా వేయించిన చేపల వాసన. నేను పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి బజారు వాసనల్లో బతికినదాన్ని. అయినా ఆ పూట ఏప్రాన్ కొస ముక్కుకు అడ్డం పెట్టుకున్నాను.

బయటికి వస్తే ఎదురుగా గోల్ఫ్ మైదానం పక్క అపార్ట్‌మెంట్ల మీద పెద్ద బ్యానరు. "రైలు ఖాయం. అభినందనలు." బావి వల్ల మోత వస్తుందని అక్కడుండే డబ్బున్నోళ్ళు మొన్నటిదాకా అవే బాల్కనీలకు నల్ల బ్యానర్లు కట్టి ఏడ్చారు. బావి మా వైపు జరిగిందో లేదో నల్లవి దించి ఎర్రవి కట్టారు. వాళ్ళ కంపు మన ముక్కుకు తోసి, వాళ్ళ పండక్కి మనల్ని చప్పట్లు కొట్టమంటారు.

ఈ మధ్య కాలేజీ పిల్లలు బజారుకొచ్చి సోయా పాలు విరగ్గొట్టి టోఫు అమ్ముకునే నన్ను అడుగుతుంటారు, "టోఫు అత్తా, మీరంతా రైలుకే వ్యతిరేకమా?" అని. మంచి ప్రశ్నే. అదే ప్రశ్న మా మధ్య ఎంత పెద్ద గొడవ పెట్టిందో వింటే వాళ్ళకే తెలుస్తుంది.

భూమి పూజ తేదీ వేసేశారని తెలిసి, ఒక సాయంత్రం అందరం పెద్దమ్మ కొట్టు ముందు చేరాం. పెద్ద గుండిగలో తల ఒకటి సన్నటి సెగ మీద ఉడుకుతోంది. ముందు నోరు విప్పింది మా సంఘం ప్రెసిడెంటు, బట్టల కొట్టు యోమ్.

"స్టేషను పడితే జనమొస్తారు. జనమొస్తే బేరాలొస్తాయి. రైలొద్దని కూర్చుంటే ఊరంతా మన మొహానే ఉమ్మేస్తుంది. స్టేషను పక్కన కట్టే కొత్త బిల్డింగులో కొట్లిస్తామంటున్నారు, నోరు మూసుకుని తీసుకుందాం."

"ఎవరికిస్తారు అన్నా?" అన్నాను. "నీకా, నీ కొట్టు యజమానికా? ఇక్కడున్నోళ్ళమంతా అద్దెవాళ్ళమే. కొండనాలిక్కి మందేస్తే ఉన్న నాలిక ఊడిందంట. అలా ఉంది నీ బేరం."

"నీకు సోయా పాలు విరగ్గొట్టడం తప్ప లోకం ఏం తెలుసు?"

"విరిగిన పాలేవో, విరిగిన మనిషెవడో తెలుసులే."

నవ్వారు. యోమ్ మొహం ముడుచుకున్నాడు. మరి కొంతమంది అతని వెనకే తలలూపారు కూడా. భయపడ్డవాడికి ఏ గడ్డిపోచ అయినా తాడులాగే కనిపిస్తుంది. వాళ్ళను నేను తిట్టలేను.

ఆ గుంపులోంచి లేచింది నా కూతురు సంగ్‌హీ. పిల్ల కాల్ సెంటర్లో పని చేస్తుంది. సియోల్లో అద్దె కట్టలేక ఎక్కడో ఊరవతల కొత్త టౌన్లో ఉంటుంది. ఆ రోజు సెలవని నన్ను చూడ్డానికి వచ్చింది.

"యోమ్ మావయ్య సంగతి పక్కన పెట్టమ్మా. మీరంతా రైలొద్దు రైలొద్దంటుంటే నాకు ఒళ్ళు మండుతోంది" అంది. "నాకా రైలు కావాలి. పొద్దున్నే నేనెక్కే రైల్లో నా కాళ్ళు నేలకి ఆనవు, తెలుసా? చుట్టూ ఉన్నోళ్ళు నొక్కితే పైకి లేచిపోతాను. మొన్నొకమ్మాయి స్పృహ తప్పింది. పడ్డానికి చోటు లేక అలాగే నిలబడి ఉంది. తలుపు తెరిచాక గాని పడలేదు. ఇంటికెళ్ళేసరికి అన్నం తినే ఓపిక ఉండదు. ఊరవతల మాలాంటోళ్ళు ఎన్ని వేలమంది ఉన్నారో మీకేం తెలుసు? మీ కొట్లకోసం మేమందరం అలాగే నలిగి చావాలా?"

 నా కడుపున పుట్టిన పిల్ల, నా కొట్టు కూల్చే రైలు కావాలంటోంది. చెంప పగలగొడదామన్నంత కోపం వచ్చింది. అంతలో దాని కాళ్ళ వైపు చూశాను. చీలమండలు ఉబ్బి బూట్ల అంచుల మీదికి పొంగాయి. కోపం ఎవరి మీద చూపాలో తెలియక, కూర్చోమని దానికి పీట జరిపాను.

"ఆ పిల్ల చెప్పింది నిజమే" అన్నాడు బల్ల చివర కూర్చుని పులుసు తాగుతున్న తాల్సు. సొరంగాలు తవ్వే పనివాడు అతను. బూట్లకు ఎప్పుడూ మట్టి ఉంటుంది. కంపెనీ ఈ కొత్త పనికి కూడా అతన్నీ అతని జట్టునీ కూలికి పెట్టుకుంది. "రైలు చెడ్డదని నేనెలా అంటానక్కా? తవ్వేది నేనే. మూడు లైన్లు తవ్వాను. క్రేను బకెట్లో దిగడమే గాని, రైలెక్కడానికి మెట్ల మీంచి ఏనాడూ దిగలేదు. పోయినసారి లైన్లో నా పక్కనే తవ్వే చిల్గూ అన్న పోయాడు. తొందరగా అవ్వాలని ఊతాలు పెట్టకుండానే తవ్వించారు. నీళ్ళు విరుచుకుపడ్డాయి. శవం పైకి రాకముందే కంపెనీ ఏమని చెప్పిందో తెలుసా? తాగి దిగాడంట. చిల్గూ అన్న జన్మలో చుక్క ముట్టలేదు."

"థూ" అంది పెద్దమ్మ. అంతకన్నా అనడానికి ఏముంది.

"ఆ రైలు ఇప్పుడు రోజూ నడుస్తోంది" అన్నాడు తాల్సు. "జనం ఎక్కుతున్నారు, దిగుతున్నారు. ఎక్కాలి కూడా. వాళ్ళేం చేశారు? కానీ ఆ డైరెక్టర్ ప్యో గాడున్నాడే, వాడికి ఈ పిల్ల కాళ్ళూ అక్కర్లేదు, చిల్గూ అన్న ప్రాణమూ అక్కర్లేదు. మీతో మాట్లాడేటప్పుడు ఈ పిల్లని చూపిస్తాడు. ఈ పిల్ల స్టేషన్లెప్పుడు తెరుస్తారని అడిగితే మిమ్మల్ని చూపిస్తాడు, బజారోళ్ళు అడ్డం పడ్డారని."

సంగ్‌హీ పీట మీద కూర్చుని బూట్లు విప్పింది.

"రైలు వెయ్యమనే నేనంటాను" అంది. "ఎవరేమన్నా నా మాట మారదు. కానీ ఆ బావి గోల్ఫ్ మైదానం కిందే తవ్వుకోమను. ముందు అక్కడేగా అనుకున్నారు. నా పేరు చెప్పుకుని మా అమ్మ కొట్టు కూలుస్తానంటే మాత్రం ఒప్పుకోను."

"అదీ మాట" అంది పెద్దమ్మ. "రైలూ రావాలి, మనమూ ఉండాలి. ఇంతే గదరా అడిగేది."

చూడండి, పార్టీ పుస్తకాలు చదివి మేం తేల్చుకున్నది కాదిది. పులుసు గిన్నెల దగ్గర తిట్టుకుంటూ తేల్చుకున్నాం. యోమ్ మాత్రం ఇంకా గొణుగుతూనే ఉన్నాడు.

అప్పుడే తాల్సు గుండిగలోకి తొంగిచూశాడు.

"పెద్దమ్మా, ఈ తల ఎవరిది?"

"రేపటికి ఆర్డరు. ఎవడో కుర్రాడొచ్చి బయానా డబ్బిచ్చి చెప్పిపోయాడు. నవ్వు బాగా రావాలన్నాడు, ఫోటోలు తీస్తారంట."

నవ్వే తలలకు మా పెద్దమ్మ పెట్టింది పేరు. నోట్లో పుల్ల అడ్డం పెట్టి, దవడలకు గుడ్డ కట్టి, నీళ్ళు తెర్లనివ్వకుండా సెగ తగ్గిస్తూ ఉడికిస్తుంది. గుడ్డ విప్పేసరికి పెదాల కొసలు పైకి లేచి ఉంటాయి. మూతి ముడుచుకున్న తలకు మా దగ్గర ఎవరూ మొక్కరు.

"రేపు పూజ ఎక్కడని అడగలేదా?"

"పూజకి తల కావాలని వస్తే దేనికని అడక్కూడదు. మా అత్త నేర్పింది. ఇన్నేళ్ళలో ఎప్పుడూ అడగలేదు."

"రేపు ఈ చుట్టుపక్కల పూజ ఒక్కటే. నువ్వు ఉడికించేది మన గోతికే పెద్దమ్మా."

పెద్దమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది. అందరూ ఒక్కసారిగా లేచారు. దాంట్లో ఉమ్మెయ్యమన్నారు ఒకరు. కుక్కలకు వెయ్యమన్నారు ఇంకొకరు. యోమ్ కంగారుగా "ఇచ్చెయ్ పెద్దమ్మా, గొడవెందుకు" అన్నాడు. నాకైతే గుండిగ తన్నేయాలనిపించింది. మన చేత్తోనే మన గొయ్యికి నవ్వు అతికించి పంపాలట. ఇంతకన్నా రోతపుట్టించే పని ఏముంటుంది?

"అరవకండి" అంది పెద్దమ్మ. "ఒరే తాల్సూ, పూజ లేకుండా మీరు దిగుతారా?"

"ఎలా దిగుతాం? పోయినసారి ప్యో గాడు ఫోటోకి వంగి, మొక్కకుండానే పోయాడు. తర్వాతేమైందో చూశాంగా. సరైన పూజ లేకుండా మా జట్టులో ఒక్కడూ బకెట్లో కాలు పెట్టడు."

"అయితే పూజ జరుగుద్ది. తల ఇస్తే వాళ్ళ చేతికి, పారేస్తే కుక్క నోటికి. ఈ రెండూ కాకుండా మూడోది లేదా? దిగేది మీరు. తల మీది. రేపు వాళ్ళేసే గుడారంలో కాదు, నా కొట్టు ముందు పెడతాను. మొక్కాలనుకున్నోళ్ళు ఇటు రండి."

తాల్సు గిన్నె కింద పెట్టాడు. "వస్తే రేపట్నించి నాకు పనుండదు పెద్దమ్మా."

"తెలుసు. నువ్వే చెప్పు, ఈ తల దించి పారెయ్యనా, నా కొట్టు ముందు పెట్టనా?"

అతను వంగి గుండిగ కింద ఇంకో కట్టె తోశాడు.

పొద్దున్నే బజారు పక్క ఖాళీ స్థలంలో తెల్ల గుడారం వేశారు. బురద మీద ఎర్ర తివాచీ పరిచారు. పారలకు రిబ్బన్లు కట్టారు. మా నేలలో మట్టి లేనట్టు, శుభ్రంగా జల్లించిన ఇసుక ఎక్కణ్ణుంచో తెచ్చి కుప్ప పోశారు. పార్లమెంటు మెంబరు తెల్ల గ్లౌజులు తొడుక్కుని కూర్చున్నాడు. హాల్లో ఉన్న నీలం చొక్కాలే మళ్ళీ వచ్చాయి. పూజ బల్ల మీద పళ్ళున్నాయి, ఎండు చేప ఉంది. మధ్యలో పెద్ద పళ్ళెం మాత్రం ఖాళీగా ఉంది.

నేను డైరెక్టర్ ప్యో దగ్గరికి వెళ్ళి బయానా కవరు చేతిలో పెట్టాను.

"ఏమిటిది?"

"తలకిచ్చిన బయానా అండీ. మల్సూన్ పెద్దమ్మ వాపసు పంపింది."

"తలేదీ?"

"తల మా దగ్గరే ఉందండి."

అతని మొహంలో రంగులు మారాయి. కుర్రాళ్ళు అటూ ఇటూ పరిగెత్తారు. పంది తల ఉడకడానికి ఎంతసేపు పడుతుందో ఫోన్లో మాట్లాడితే తగ్గదు కదా. చివరికి ఎదురు వీధి బేకరీ నుంచి పంది మొహంలా చేసిన గులాబీరంగు కేకు తెచ్చి పళ్ళెంలో పెట్టారు.

మెంబరు దాని ముందు వంగాడు. కెమెరాలు మెరిశాయి. ఒకరి కెమెరాకి సరిగా పడలేదంటే మళ్ళీ వంగాడు. రివాజు ప్రకారం డబ్బు కవరు పంది నోట్లో పెట్టబోతే క్రీము వేళ్ళకంటింది. అటూ ఇటూ చూసి, గ్లౌజు వేలు నోట్లో పెట్టుకుని నాకాడు. నేను పక్కనే ఉన్నాను, చూశాను. మనుషులు ప్రాణాలకు మొక్కుకునే చోట వాడు వేలు నాకాడు.

హెల్మెట్లు పెట్టుకుని వరసగా నిలబడ్డ పనివాళ్ళలో మొదట నవ్వు పుట్టింది. తర్వాత ఆ నవ్వు ఆగిపోయింది. తాల్సు హెల్మెట్ తీసి చంకలో పెట్టుకున్నాడు. తివాచీ తొక్కకుండా పక్కనున్న బురదలోంచి నడిచి రోడ్డు దాటాడు. అతని వెనక ఒకడు. ఆ వెనక ఇద్దరు. ఆ తర్వాత వరస మొత్తం కదిలింది. "ఎక్కడికి, ఎక్కడికిరా" అని మేస్త్రీ అరుస్తున్నాడు. ఎవరూ వెనక్కి చూడలేదు.

పెద్దమ్మ కొట్టు ముందు చాప పరిచి ఉంది. బల్ల మీద తల నవ్వుతోంది. బజారంతా అక్కడే ఉంది. బట్టల కొట్టు యోమ్ కూడా వెనకాల ఎక్కడో నిలబడ్డాడు. సంగ్‌హీ పనికి సెలవు పెట్టి, తనతోపాటు రోజూ నలిగే నలుగురు అమ్మాయిల్ని వెంటబెట్టుకొచ్చింది. పెద్దమ్మ బియ్యపు కల్లు గిన్నెలో వంచి నేల మీద పోసింది.

"కిందికి దిగినోళ్ళు పైకి రావాలి. పైనున్నోళ్ళు పైనే ఉండాలి" అని మొక్కింది. "రైలెక్కే పిల్లల కాళ్ళు నేలకానాలి."

ఇంతకన్నా మంచి మొక్కు నేనెప్పుడూ వినలేదు. తాల్సు మోకాళ్ళ మీద కూలబడి నుదురు నేలకానించాడు. "చిల్గూ అన్నా, నీక్కూడా" అన్నాడు. ఒకరి తర్వాత ఒకరు మొక్కారు. లేచినవాళ్ళు గుడారం వైపు పోలేదు. బావి తవ్వే యంత్రానికి అడ్డంగా వెళ్ళి కూర్చున్నారు. ఊతాల సంగతి, బావి చోటు సంగతి తేలేదాకా లేచేది లేదన్నారు. వాళ్ళ పక్కన మేమూ కూర్చున్నాం.

మధ్యాహ్నానికి పోలీసులు దిగారు. నేరుగా పెద్దమ్మ దగ్గరికి వచ్చారు.

"పనికి ఆటంకం కలిగించారని మీ మీద కేసు పెద్దమ్మా."

"నేనెక్కడ ఆపానురా? మొక్కడానికొచ్చినోళ్ళకి కల్లు పోశాను."

"అదంతా స్టేషన్లో చెప్పండి. ఆ తల కూడా సాక్ష్యం, తీసుకెళ్ళాలి."

ఒక కానిస్టేబుల్ ముక్కు చిట్లించుకుని తల చెవి పట్టుకున్నాడు.

"చెవి పట్టుకోకు నాయనా" అంది పెద్దమ్మ. "అడుగున చెయ్యి పెట్టు. ఉడికిన తల, ఊడొస్తుంది."

అలా పెద్దమ్మనీ, నవ్వే తలనీ ఒకే వ్యానులో ఎక్కించారు. తాల్సునీ ఎక్కించారు. కేకుకు వంగినవాణ్ణి కారు దాకా గొడుగు పట్టి సాగనంపారు. ప్రభుత్వం ఎవరిదో తెలియాలంటే ఎవరికి గొడుగు పడతారో, ఎవర్ని వ్యాను ఎక్కిస్తారో చూస్తే చాలు.

యంత్రం ఆ రోజు కదల్లేదు. మర్నాడూ కదల్లేదు. తాల్సు జట్టు పేర్లు కంపెనీ హాజరు పట్టీలోంచి తీసేసింది. కొత్త జట్టును తెచ్చింది. వచ్చినవాళ్ళు పూజ జరిగిందా అని అడిగారు. జరిగింది, మా వైపు జరిగింది అన్నాం. వాళ్ళు కాసేపు తమలో తాము మాట్లాడుకుని వచ్చి మా చాప మీద కూర్చున్నారు. డైరెక్టర్ ప్యో మళ్ళీ పూజ పెట్టిస్తానన్నాడు. అతని కుర్రాళ్ళు నగరంలోని బజార్లన్నీ తిరిగారు. తలలు ఉడికించే ఆడవాళ్ళంతా ఒకరికొకరు తెలిసినవాళ్ళే. కబురు వాళ్ళకంటే ముందే చేరింది. ఒకామె తలలు అయిపోయాయంది. ఇంకొకామె "నవ్వేవి లేవు, ఏడ్చేవే ఉన్నాయి, తీసుకుంటారా" అని అడిగిందట.

మాలో కొందరం పోలీసు స్టేషను ముందు కూర్చున్నాం. రోజూ పొద్దున నేను ఒక టోఫు ముక్క తాజాగా చేసి తెచ్చేదాన్ని. జైలు నుంచి బయటికి వచ్చినవాళ్ళకు గుమ్మంలోనే తెల్లటి టోఫు తినిపించడం మా రివాజు. అది తింటే మళ్ళీ లోపలికి పోరని నమ్మకం. సాయంత్రానికి ఆ ముక్క పులిసిపోయేది, మర్నాడు ఇంకొకటి తెచ్చేదాన్ని. సంగ్‌హీ పనయ్యాక అటు నుంచి అటే వచ్చేది. మొదట నలుగురు అమ్మాయిలతో, తర్వాత ఊరవతల రైలెక్కే జనంతో. చేతుల్లో అట్టలు. "మా పేరు చెప్పే ముందు మమ్మల్ని అడగండి" అని రాసుకొచ్చారు. యోమ్ తన కొట్టులోని గుడ్డ చించి ఇచ్చాడు, అట్టలు వానకు తడుస్తున్నాయని.

చివరికి వదిలారు. ముందు తాల్సు వచ్చాడు. వెనక పెద్దమ్మ, గోడ పట్టుకుని ఒక్కొక్క మెట్టూ దిగుతూ. నడుము ఇంకా వంగింది. నాకు ఏడుపొచ్చింది. గిన్నె మూత తీసి టోఫు నోటి దగ్గర పెట్టాను.

"తిను పెద్దమ్మా."

ఆమె దాన్ని చూసింది, నన్ను చూసింది.

"ఇది తిని మళ్ళీ లోపలికి పోనని ఒట్టెయ్యాలా?"

"రివాజు గదా."

"ఎల్లుండి ఆ ప్యో మళ్ళీ పూజ పెడతాడంట గదే? లోపలుండగా విన్నాను." నా చెయ్యి మెల్లగా పక్కకు జరిపింది. "ఒట్టేసి తప్పితే పాపం. నాకొద్దు. తాల్సూ, నీకు?"

తాల్సు తల అడ్డంగా ఊపాడు.

"అయితే పారెయ్యకు. పద, ఎసరు పెట్టు."

ఆ సాయంత్రం పెద్దమ్మ కొట్టు ముందు గుండిగ ఎక్కింది. టోఫు ముక్కలు కోసి పులుసులో వేశాను. బజారు వాళ్ళు, సొరంగం వాళ్ళు, రైలు దిగి వచ్చిన పిల్లలు అందరూ గిన్నెలు చాచారు. అందరం తిన్నాం. ఒట్టు మాత్రం ఎవరూ వెయ్యలేదు.